పచ్చిగడ్డిని పాతరేస్తే కుళ్లిపోదా? ఎండాకాలంలో పాడి రైతును ఆదుకునే సైలేజ్ సంగతేంటి?

ఏప్రిల్, మే వచ్చిందంటే పాడి రైతుకు మేత టెన్షనే. వానాకాలంలో గట్ల మీద దొరికే పచ్చిగడ్డి, ఎండలు ముదిరేసరికి కొందామన్నా దొరకదు. ఒట్టి వరిగడ్డితో నెట్టుకొస్తే పాలు తగ్గిపోతాయి. మేపలేక గేదెల్ని సంతకు తోలేసేవాళ్లూ ఉన్నారు. ఆ టైమ్‌లో పనికొచ్చేదే సైలేజ్.. అంటే పాతర గడ్డి.

పచ్చిగడ్డిని కప్పెడితే కుళ్లిపోదా అని డౌట్ రావొచ్చు. గాలి తగిలితే కుళ్లుతుంది. గాలి లేకుండా బిగిస్తే మాత్రం సీన్ మారుతుంది. పాలను పెరుగు చేసే జాతి బ్యాక్టీరియానే ఇక్కడా పని మొదలుపెడుతుంది. గడ్డిలోని చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తుంది. పీహెచ్ 4 దగ్గరకు పడిపోతుంది. ఆ పులుపులో కుళ్లబెట్టే సూక్ష్మజీవులు పెరగలేవు.

చలి దేశాల్లో ఇది శీతాకాలం మేత. మంచు కురిసే ఫిన్లాండ్‌లో పశువులు నెలల తరబడి కొట్టంలోనే ఉంటాయి. ఆ దేశ శాస్త్రవేత్త ఆర్టురి ఇల్మారి విర్టానెన్ గడ్డిలో ఆమ్లం కలిపి నిల్వ చేసే పద్ధతి కనిపెట్టారు. 1945లో ఆయనకు కెమిస్ట్రీ నోబెల్ రావడానికి ముఖ్య కారణం అదే. అవును, పశువుల మేతకు నోబెల్! మన మొక్కజొన్నకు ఆ ఆమ్లం అక్కర్లేదు, అందులో చక్కెర సరిపడా ఉంటుంది.

గింజ పాలు పోసుకుని గట్టిపడే దశలో కోయాలి. 2-3 సెంటీమీటర్ల ముక్కలు చేసి పిడికిట్లో గట్టిగా పిండి చూడాలి. నీళ్లు కారితే ఇంకా పచ్చిగా ఉన్నట్టే, కాసేపు ఆరబెట్టాలి. తర్వాత గోతిలో పొరలు పొరలుగా వేసి తొక్కాలి. పెద్ద గోతైతే ట్రాక్టర్ ఎక్కించాలి. చాలామంది తొందరపడేది ఇక్కడే. మధ్యలో గాలి మిగిలితే బూజు ఖాయం. పైన మందపాటి ప్లాస్టిక్ షీట్ కప్పి మట్టి వేయాలి. ఎలుక కన్నం పెట్టినా, వాన నీళ్లు దిగినా ఆ మేర గడ్డి పోయినట్టే.

సుమారు 45 రోజులకు రెడీ. పసుపు కలిసిన ఆకుపచ్చ రంగు, పుల్లటి వాసన ఉంటే బాగా కుదిరినట్టు. నల్లబడినా, బూజు పట్టినా, కంపు కొట్టినా పశువుకు పెట్టొద్దు. ఒక్కో గేదెకు రోజుకు 20 కిలోలు వేసుకున్నా, రెండింటికి 3 నెలలకు 3,600 కిలోలు కావాలి. అంత గొయ్యి తవ్వలేని వాళ్లకు గాలి చొరబడని ప్లాస్టిక్ సంచులు, డ్రమ్ములు ఉన్నాయి.

ఇంకో జాగ్రత్త.. లోతైన గోతిలోకి ఒంటరిగా దిగొద్దు. గడ్డి పులిసేటప్పుడు కార్బన్ డయాక్సైడ్, నైట్రోజన్ డయాక్సైడ్ అడుగున చేరతాయి, ప్రాణం మీదకు వస్తుంది. తెరిచాక ఏ రోజుకు ఆ రోజు కావాల్సినంత తీసి వెంటనే మళ్లీ కప్పేయాలి. పాలు పితికాకే పెట్టాలి, ముందు పెడితే ఆ వాసన పాలకు పడుతుంది.