టర్కీ బదులు ఏం వండాలి? కవిటిలో మా ఇంటి క్రిస్మస్ భోజనం లెక్క

ఈ ఎపిసోడ్ కవిటిలో మా అమ్మమ్మ గారి ఇంటి పెరట్లో కూర్చుని రికార్డు చేస్తున్నాను. వెనకాల కోళ్ళ అరుపులు వినపడితే ఏమీ అనుకోకండి, ఇవాళ్టి టాపిక్‌లో వాటికీ వాటా ఉంది. టాపిక్ ఏంటంటే, క్రిస్మస్ భోజనంలోకి టర్కీ కోడి బదులు ఏం వండుకోవచ్చు.

"మన ఉద్దానంలో టర్కీ ఎవరు తింటారు, దానికి బదులు వెతకడం ఎందుకు" అంటారేమో. రెండేళ్ళ కింద అయితే నేనూ అదే అనేవాణ్ణి. పోయిన క్రిస్మస్‌కి డల్లాస్ నుంచి మా బావ వచ్చాడు. ఈసారి అమెరికా స్టైల్లో చేద్దాం అన్నాడు. నేను విశాఖపట్నంలో ఒక షాపులో ఆరు కిలోల ఫ్రోజెన్ టర్కీ కొని, థర్మోకోల్ పెట్టెలో పెట్టుకుని రైల్లో తెచ్చాను. ఇరవై నాలుగో తారీఖు రాత్రి ఫ్రీజర్లోంచి బయటకు తీశాం. అక్కడే తప్పు జరిగింది.

అంత పెద్ద పక్షి ఫ్రిజ్‌లో ఉంచి మెల్లగా కరగాలంటే సుమారు మూడు రోజులు పడుతుంది. ప్రతి రెండు కిలోలకీ ఒక రోజు అని లెక్క. పండగ రోజు పొద్దున్న చూస్తే పైన మెత్తగా, లోపల రాయిలా ఉంది. మా ఓవెన్‌లో పట్టలేదు. కత్తితో నరికి, ప్రెషర్ కుక్కర్లో ఐదు విడతలుగా ఉడికించి, సాయంత్రం నాలుగుకి భోజనాలు పెట్టాం.

అది నవ్వుకునే కథే. తరవాత జరిగింది నవ్వుకునేది కాదు. మా మావయ్య డయాలసిస్ మీద ఉన్నారు. అత్త ఒక ముక్క నోట్లో పెట్టుకుని, "ఇది ఒట్టి ఉప్పు" అంది. కవర్ మీద చదివితే, మాంసంలోకి ఉప్పునీళ్ళు ఎక్కించారని చిన్న అక్షరాల్లో ఉంది. ఫ్రోజెన్ టర్కీల్లో చాలావాటికి అలా చేస్తారు, ఎండిపోకుండా ఉండడానికి. అత్త గబగబా లోపలికెళ్ళి మావయ్యకి వేరే గిన్నెలో తెల్లన్నం, గుడ్డు తెల్లసొన తెచ్చి పెట్టింది. ఆయన ఆ గిన్నె వైపు చూసి, "పండగ నాడు కూడా నాకు ఏరే గిన్నేనా" అన్నారు. సగం తిని లేచిపోయారు.

కాబట్టి ఈ ఏడాది మాకు నిజమైన ప్రశ్న టర్కీ బదులు ఏం రుచిగా ఉంటుంది అన్నది కాదు. పద్దెనిమిది మందీ ఒకే పళ్ళెంలోంచి తినగలిగేది ఏంటి అన్నది.

టర్కీ కూడా ఒకప్పుడు బదులే

ముందు ఒక అపోహ తీసేద్దాం. టర్కీ లేకపోతే అసలైన క్రిస్మస్ కాదని ఎక్కడా లేదు. ఆ పక్షి పుట్టిల్లు అమెరికా ఖండం. మెక్సికో ప్రాంతంలో మచ్చిక చేసుకున్నారు. 16వ శతాబ్దంలో స్పానిష్ వాళ్ళ ద్వారా యూరప్ చేరింది. దాని సొంత ఊరు ఏదో ఎవరికీ సరిగ్గా తెలియక ఇంగ్లీషు వాళ్ళు టర్కీ దేశం పేరు పెట్టేశారు. టర్కీ దేశం వాళ్ళు దాన్ని 'హిందీ' అంటారు, అంటే ఇండియాది అని! మన దేశానికీ ఇది కొత్త కాదు. 1612లో గోవా నుంచి తెచ్చిన టర్కీని చూసి జహంగీర్ ఆశ్చర్యపోయి, మన్సూర్ అనే చిత్రకారుడి చేత బొమ్మ వేయించాడు.

ఇంగ్లండులో చాలాకాలం క్రిస్మస్‌కి పెద్ద బాతు తినేవారు. టర్కీ దానికి బదులుగా వచ్చి స్థిరపడింది. చెక్ దేశంలో ఇప్పటికీ ఆ రాత్రి కార్ప్ చేప వండుతారు. జపాన్‌లో 1974లో ఒక ప్రకటన పుణ్యమా అని కేఎఫ్‌సీ చికెన్ క్రిస్మస్ తిండి అయిపోయింది. కెనడా బాప్టిస్టు మిషన్ వాళ్ళు టెక్కలి, సోంపేట దాకా వచ్చారు గానీ, మన ఇళ్ళలో పండగ వంట మాత్రం కోడికూర, మాంసం, పులావు, బూరెలే. అందరూ కలిసి ఒక పెద్దది పంచుకు తినడమే అన్నిచోట్లా కనిపిస్తుంది. ఆ పెద్దది ఏంటన్నది ఊరిని బట్టి.

వండే ముందు ఎవరు తింటారో రాసుకోండి

సాఫ్ట్‌వేర్‌లో ఐదేళ్ళు చేసిన అలవాటు కొద్దీ, నేను ముందు రిక్వైర్‌మెంట్స్ రాసుకున్నాను. పద్దెనిమిది మంది. అందులో పిల్లలు ఐదుగురు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు ఇద్దరు. మావయ్య డయాలసిస్ మీద ఉన్నారు. పెద్దమ్మకి క్రియాటినిన్ పెరిగింది, డయాలసిస్ దాకా రాలేదు.

మా ప్రాంతం గురించి తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. ఉద్దానం అంటే ఉద్యానవనం అనే మాటలోంచి వచ్చిందంటారు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ తోటల్ని పడగొట్టింది. దానికి ఎన్నో ఏళ్ళ ముందు నుంచే ఇక్కడ కిడ్నీ జబ్బు ఉంది. షుగరు, బీపీ లేని వాళ్ళకీ వస్తోంది. ఇదే కారణం అని ఇప్పటికీ ఒక్క మాటలో తేలలేదు. శ్రీలంకలో, మధ్య అమెరికాలో కూడా ఇలాంటి జబ్బే ఉంది. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ రీసెర్చ్ సెంటర్, 200 పడకల ఆసుపత్రి, హిరమండలం నుంచి తాగునీళ్ళ పథకం ప్రారంభమయ్యాయి. కవిటి చుట్టుపక్కల పండగ భోజనానికి పదిమంది కూర్చుంటే ఈ జబ్బు ఉన్నవాళ్ళు ఒకరైనా ఉండడం మాకు వింత కాదు.

ఇక్కడ చాలామంది పొరపాటు పడే విషయం ఒకటుంది. కిడ్నీ రోగులందరికీ ఒకే పథ్యం కాదు. డయాలసిస్‌కి ముందు దశలో ప్రొటీన్ తగ్గించమంటారు, కిలో శరీర బరువుకి రోజుకి సుమారు 0.8 గ్రాములు. డయాలసిస్ మొదలయ్యాక ప్రొటీన్ రక్తంలోంచి కొంత పోతుంది కాబట్టి పెంచమంటారు, కిలోకి 1 నుంచి 1.2 గ్రాములు. అంటే 60 కిలోల మావయ్యకి రోజుకి 60 నుంచి 72 గ్రాములు కావాలి. 50 కిలోల పెద్దమ్మ 40 దగ్గర ఆగాలి. ఒకే ఇంట్లో, ఒకే జబ్బు పేరు, ఎదురెదురు లెక్కలు. పోయినసారి మావయ్యకి మాంసం మానిపించి తెల్లన్నం పెట్టడం కూడా ఆ రకంగా సరైన పని కాదు. ఆయనకి తగ్గాల్సింది ఉప్పు, ప్రొటీన్ కాదు.

ఒక్కొక్కటీ చూద్దాం

మొదట పనస. టర్కీ బదులు ఏంటని వెతికితే ప్రపంచం మొత్తం పచ్చి పనస అంటోంది, మాంసంలా పీచుపీచుగా ఉంటుందని. మా కవిటి పనసకి పేరు కూడా ఉంది. కానీ డిసెంబరులో మా చెట్లలో ఎక్కువ వాటికి ఇంకా పిందెలే. పైగా పనస మాంసంలా కనపడుతుందే గానీ, 100 గ్రాముల్లో ప్రొటీన్ రెండు మూడు గ్రాములకి మించదు. పొటాషియం మాత్రం ఎక్కువ. మావయ్యకి రెండు వైపులా నష్టమే.

పొటాషియం సంగతి ఎందుకంటే, కిడ్నీ పని చేయనప్పుడు అది రక్తంలో నిలిచిపోతుంది. ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది. డయాలసిస్ వాళ్ళలో చాలామందికి రోజుకి 2,000 నుంచి 3,000 మిల్లీగ్రాముల మధ్య హద్దు పెడతారు. ఒక గ్లాసు కొబ్బరినీళ్ళలోనే దాదాపు 500 ఉంటుంది. జీడిపప్పులో పొటాషియం, ఫాస్ఫరస్ రెండూ ఎక్కువే. బాధ కలిగించే విషయం ఏంటంటే, మా నేల ఇచ్చే కొబ్బరి, జీడిపప్పు, పనస మూడూ మా రోగులకే కొలిచి పెట్టాల్సినవి. కొబ్బరిపాలు పోసి, జీడిపప్పు ముద్ద కలిపి చేసే పండగ కూర అందుకే మా లిస్టులోంచి పోయింది.

రెండోది నాటుకోడి. రుచిలో దీనికి సాటి లేదు. కానీ ముక్క ఉడకాలంటే చాలాసేపు నీళ్ళలో మరగాలి. పొటాషియం, ఫాస్ఫరస్ కొంత ఆ నీళ్ళలోకి దిగుతాయి, ఆ రసమే మనం ఇష్టంగా అన్నంలో పోసుకుంటాం. డయాలసిస్ వాళ్ళకి పులుసు కూడా నీళ్ళ లెక్కలోకే వస్తుంది. ఆ రసం వంపేస్తే అది నాటుకోడి కూర కాదని అమ్మమ్మ తీర్పు.

మూడోది మేక మాంసం. ఖర్చు ఎక్కువ, కొవ్వు ఎక్కువ, మళ్ళీ పులుసే. నాలుగోది బాతు. కేరళలో క్రిస్మస్‌కి బాతు రోస్టు బాగా చేస్తారు. మా ఇంట్లో అది వండే చెయ్యి లేదు. ఐదోది బ్రాయిలర్ కోడిని నిలువునా కాల్చడం. ఇది మంచి ఎంపికే. ఒకటిన్నర కిలోల కోడి చిన్న ఓవెన్‌లో పడుతుంది, ఉప్పు మన చేతిలో ఉంటుంది. పద్దెనిమిది మందికి నాలుగైదు కోళ్ళు, ఒకే ఓవెన్, మధ్యలో కరెంటు పోతే? మళ్ళీ సాయంత్రం నాలుగు.

ఆరోది చేప. దీని దగ్గరే ఆగాం.

పండుగప్ప ఎందుకు

మాకు సముద్రం పక్కనే. కోనాం కూడా చూశాం, కానీ పండుగప్ప ఒక్కటే మూడు నాలుగు కిలోలు తూగుతుంది, ముళ్ళు పెద్దవి, పిల్లలకి తీసి పెట్టడం తేలిక. పేరులోనే పండగ ఉంది, అది బోనస్. పచ్చి చేప 100 గ్రాముల్లో ప్రొటీన్ 20 గ్రాముల దాకా ఉంటుంది. అందుకే ముక్క సైజుతోనే లెక్క సరిపోతుంది. మావయ్యకి 150 గ్రాములు, అంటే 30 గ్రాముల ప్రొటీన్. పెద్దమ్మకి 75 గ్రాములు, అంటే 15. పళ్ళెం ఒకటే, ముక్కలే వేరు. మిగతా వాళ్ళకి ఎంతైనా.

మూడున్నర కిలోల చేపలు రెండు తీసుకుంటే తల, ముళ్ళు పోను మూడు కిలోల పైచిలుకు మాంసం వస్తుంది. చేపల పులుసు మాత్రం వద్దు. చింతపండులో పొటాషియం ఎక్కువ, పులుసు నీళ్ళ లెక్క ఎలాగూ ఉంది. అల్లం, వెల్లుల్లి, మిరియాలు, పచ్చిమిర్చి, కొత్తిమీర కొద్దిగా, నిమ్మరసం, నూనె ముద్దగా నూరి, ముక్కలకి పట్టించి, ఒక గంట ఉంచి, అరిటాకులో చుట్టి ఆవిరి మీద పెట్టాలి. పెళ్ళిళ్ళకి వాడే పెద్ద ఇడ్లీ పాత్ర అద్దెకి తెచ్చాం. రెండు అంగుళాల మందం ముక్క ఇరవై ఇరవై ఐదు నిమిషాల్లో అయిపోతుంది. తలా తోకా కూడా విడిగా ఉడికించి, పెద్ద పళ్ళెంలో ఆకు పరిచి, ముక్కల్ని మళ్ళీ చేప ఆకారంలో పేర్చాం. టర్కీ బల్ల మీదకి వచ్చినప్పుడు ఉండే ఆ సందడి దీనికీ వచ్చింది.

ఉప్పు ముద్దలో అస్సలు వేయలేదు. కావాల్సిన వాళ్ళు పైన చల్లుకుంటారు. ఒక టీస్పూను ఉప్పులో ఐదారు గ్రాములుంటుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ మామూలు మనిషికే రోజుకి 5 గ్రాముల లోపు అంటోంది. ఇంకో ముఖ్యమైన మాట, దయచేసి గుర్తుపెట్టుకోండి. సోడియం తక్కువ అని అమ్మే ఉప్పుల్లో చాలావాటిలో పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. మంచిదని అనుకుని కిడ్నీ రోగులకి అది పెట్టకండి. అప్పడాలు, ఆవకాయ, ఎండుచేప, మసాలా క్యూబులు వాళ్ళ వైపుకి రానివ్వకండి. కేకులో ఎండుద్రాక్ష, జీడిపప్పు వేయకుండా ఒక సాదా కేకు అందరికీ అదే చేయండి. పక్కన కూర కావాలంటే కూరగాయలు చిన్నగా తరిగి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, నీళ్ళు వంపేసి వండండి. పొటాషియం కొంత పోతుంది.

నేను డాక్టర్ని కాదు, బీటెక్ వాణ్ణి. ఈ అంకెలు మా ఇంటివి. మావయ్య డయాలసిస్ చేయించుకునే చోట ఉన్న డైటీషియన్‌కి మెనూ మొత్తం చూపించి, సరే అన్నాకే ఖాయం చేశాం. మీరు కూడా నాలుగు ప్రశ్నలు రాసుకుని వెళ్ళండి. రోజుకి ప్రొటీన్ ఎంత, ఉప్పు ఎంత, నీళ్ళు ఎంత, చివరి రిపోర్టులో పొటాషియం ఎంత. ఆ నాలుగు అంకెలు చేతిలో ఉంటే ఏ పండగకైనా వంట మీరే తేల్చుకోవచ్చు.

పోయిన ఆదివారం ఒక కిలోన్నర చేపతో ట్రయల్ చేశాం. టెస్టింగ్ లేకుండా పండగ రోజు దించకూడదని పోయినేడు నేర్చుకున్నాను కదా. మావయ్యని మధ్యలో కూర్చోబెట్టాం. ఆయన తన ముక్క తినేసి, "ఇంకోటి ఎయ్యి" అన్నారు. అత్త వంటింట్లోంచి, "లెక్క అయిపోయింది, మిగతాది క్రిస్మస్‌కే" అంది. "అయితే అప్పుడు పెద్ద ముక్క నాదే" అని ఆయన అక్కడే కూర్చుని, మా అందరి భోజనాలూ అయ్యేదాకా కబుర్లు చెప్తూ ఉన్నారు.

సరే అండీ, ఈ ఎపిసోడ్‌కి ఇంతే. ముందస్తుగా అందరికీ క్రిస్మస్ శుభాకాంక్షలు. మళ్ళీ కలుద్దాం.