మంజాడి – మంజెలిం: తెలుగు పరిశోధనకు పోర్చుగీసు, ఇటాలియన్, స్పానిష్ భాషల స్నాతకోత్తర అధ్యయన ఆవశ్యకత

వ్యాససంగ్రహం: విజయనగర కాలపు సాహిత్యాన్ని బోధించేటప్పుడు విదేశీ యాత్రికుల రచనలను ఆధారాలుగా చూపడం పరిపాటి. ఆ రచనలు మనకు ప్రధానంగా ఆంగ్లానువాదాల ద్వారానే పరిచితాలు. మూలభాషలు తెలిసిన తెలుగు పరిశోధకుడు అదనంగా ఏమి గ్రహించగలడో ఒక తూకపు మాట ఆధారంగా వివరించి, ఆ భాషలలో ఉన్నతవిద్యకు గల మార్గాలను కడప జిల్లా విద్యార్థుల దృష్టితో సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: విజయనగరం, పోర్చుగీసు ఆకరాలు, ఆదానపదాలు, తులనాత్మక సాహిత్యం, ప్రొద్దుటూరు, గండికోట.

1. ఉపోద్ఘాతం

తెలుగును 'ప్రాచ్య ఇటాలియన్' అన్న మాట ప్రతి కళాశాల తరగతిగదిలోనూ వినిపిస్తుంది. పదిహేనవ శతాబ్దపు వెనిస్ యాత్రికుడు నికొలో దె కోంతికి ఆ మాటను ఆపాదించడమూ మామూలే. రెండు భాషలలోనూ పదాలు అచ్చులతో ముగుస్తాయి గనుక పోలిక సమంజసమే. అయితే కోంతి చెప్పిన యాత్రావిశేషాలను గ్రంథస్థం చేసినవాడు పోజ్జో బ్రాచ్చొలీని. ఆయన వ్రాసింది లాటిన్‌లో. ఆ ప్రశంసకు ఆకరం చూపదలచిన పరిశోధకుడు ఆ పాఠం దాకా వెళ్ళక తప్పదు. మనలో ఎందరం వెళ్ళాము? ఈ వ్యాసానికి ప్రేరణ ఈ ప్రశ్నయే.

2. అనువాదంపై ఆధారపడిన చరిత్ర

డొమింగో పేస్ సుమారు 1520 ప్రాంతంలో శ్రీకృష్ణదేవరాయల రాజధానిని చూశాడు. గుర్రాల వర్తకుడైన ఫెర్నావ్ నూనిష్ సుమారు 1535 ప్రాంతంలో విజయనగరంలో ఉండి అక్కడి రాజుల వృత్తాంతాన్ని వ్రాశాడు. పారిస్ జాతీయ గ్రంథాలయంలో ఉన్న ఈ పోర్చుగీసు రచనల ప్రతిని డేవిడ్ లోపెష్ 1897లో లిస్బన్‌లో ప్రచురించాడు. రాబర్ట్ సూయెల్ 1900లో 'ఎ ఫర్‌గాటెన్ ఎంపైర్' గ్రంథంలో వాటికి ఆంగ్లానువాదం ఇచ్చాడు. నాటినుండి ఆముక్తమాల్యద పీఠికలకూ రాయలయుగ చరిత్రలకూ ఆ అనువాదమే ఆధారం. మన పుస్తకాలలో నూనిష్ 'న్యూనిజ్'గా నిలిచిపోవడం కూడా ఆ పేరును ఆంగ్లం ద్వారా చదివిన ఫలితమే. సూయెల్ కృషి గొప్పది. కానీ తెలుగు వ్యక్తినామాలు, ఊరిపేర్లు పోర్చుగీసు లిపిలోకి వెళ్ళి, అక్కడినుండి ఆంగ్లంలోకి వచ్చి, తిరిగి తెలుగుకు చేరేసరికి మూడు వడపోతలు జరిగాయి.

3. ఒక తూకపు మాట

నూనిష్ సామంతుల జాబితాలో 'అడపనాయకె' అనే వాడు ఉన్నాడు. వజ్రాలు దొరికే 'గాటె' ప్రాంతం అతని అధీనంలో ఉంది. ఇరవై 'మాంజెలిన్'లకు మించిన ప్రతి వజ్రమూ రాజభాండాగారానికి చెందాలన్నది ఒప్పందం. ఆంగ్లం ద్వారా చదివినవాడు ఈ తూకపు మాటను 'మాంగెలిన్' అని 'గ'కారంతో పలుకుతాడు. అది ఏదో విదేశీ కొలత అనుకుంటాడు. పోర్చుగీసులో 'ఎ'కారానికి ముందున్న ఆ అక్షరం 'ఝ'కారానికి దగ్గరగా పలుకుతుంది. పదాంత 'మ'కారం అచ్చును అనునాసికం చేస్తుంది. అప్పుడు వినిపించేది 'మంజెలిం'. దాని వెనుక ఉన్నది దక్షిణాది రత్నవర్తకులు తూకానికి వాడిన మంజాడి గింజ. ఇక 'అడప' అంటే తాంబూలపు సంచి అని ప్రబంధ పాఠకునికి వేరే చెప్పనక్కరలేదు. 'గాటె' గుత్తియా, ఘట్టమా అన్నది మూలంలోని వర్ణక్రమాన్నీ స్థానిక చరిత్రనూ కలిపి పరిశీలించవలసిన విషయం.

బంగారు వ్యాపారానికి పేరుపొందిన ప్రొద్దుటూరులో పెరిగిన విద్యార్థికి ఇటువంటి తూకాల చరిత్ర అపరిచితం కాదు. జమ్మలమడుగు సమీపంలోని గండికోటను ఫ్రెంచి రత్నవర్తకుడు తవెర్నియే 1652లో దర్శించి మీర్ జుమ్లాతో వ్యవహరించాడు. మెకంజీ సేకరించిన కైఫీయత్తులను ఇలాంటి విదేశీ రచనల మూలపాఠాలతో పోల్చి చదవగలవాడు ఈ సీమ చరిత్రకు కొత్త ఆధారాలు చేర్చగలడు.

4. వ్యవహారంలోని ఆదానపదాలు

మేస్త్రి, ఇస్త్రీ, అలమర, బొత్తాం, పీపా, పాదిరి, అనాస వంటి మాటలు పోర్చుగీసునుండి వచ్చినవే. గోవాకు చెందిన సెబాస్తియావ్ రొదొల్ఫు దల్గాదు 1913లో ఆసియా భాషలలోని పోర్చుగీసు పదాలపై గ్రంథం వెలువరించాడు; దాని ఆంగ్లానువాదం 1936లో వచ్చింది. పులివెందుల తోటలలోని చీనీకాయను ఇతరత్రా మొసంబి అంటారు. ఆ పేరుకు నిఘంటువులు చూపే మూలం పోర్చుగీసు వలసరాజ్యమైన మొజాంబిక్. 'చీనీ' చైనాను, 'మొసంబి' ఆఫ్రికాను సూచిస్తున్నాయి. ఒకే పండుకు గల ఈ రెండు పేర్లు సముద్రవర్తక చరిత్రకు ఆనవాళ్ళు. మాండలిక పదకోశాలపై పనిచేసేవారికి ఇది విస్తృత క్షేత్రం.

5. కరువు సాహిత్యం – తులన

అవసరం చరిత్రకే పరిమితం కాదు. గ్రసిలియాను రాముష్ పోర్చుగీసు నవల 'విదాస్ సెకాస్' (1938) ఈశాన్య బ్రెజిల్ కరువులో వలసపోయే కుటుంబం కథ. ఇన్యాత్సియో సిలోనె ఇటాలియన్ నవల 'ఫోంతమారా' (1933)లో ధనికుడొకడు రైతుల వాగునీటిని తన భూమికి మళ్ళిస్తాడు. హువాన్ రుల్ఫో స్పానిష్ కథాసంపుటి 'ఎల్ యానో ఎన్ యామాస్' (1953)లోని ఒక కథలో ప్రభుత్వం రైతులకు నీరులేని బీడును పంచుతుంది. కేతు విశ్వనాథరెడ్డి మొదలుకొని కడప జిల్లా కథకులు చిత్రించిన జీవితానికి ఇవి ఎంత దగ్గరో వేరుగా చెప్పనవసరం లేదు. అయితే రుల్ఫో పల్లెమాటల పొదుపునూ సీమ మాండలికంలోని బిగువునూ పోల్చాలంటే రెండూ మూలంలోనే వినాలి. అనువాదం ఇతివృత్తాన్ని మాత్రమే పోల్చనిస్తుంది, శైలిని పోల్చనీయదు.

6. అధ్యయన మార్గాలు

హైదరాబాదులోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో స్పానిష్ స్నాతకోత్తర విద్య ఉంది. జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో స్పానిష్, పోర్చుగీసు, ఇటాలియన్, లాటిన్ అమెరికా అధ్యయనాలకు ప్రత్యేక కేంద్రం ఉంది; అక్కడ ఇంటర్మీడియట్ పూర్తిచేసినవారు స్పానిష్ బి.ఎ.లో చేరవచ్చు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో జర్మానిక్, రొమాన్స్ అధ్యయన శాఖ ఉంది. పోర్చుగీసు ఎం.ఎ.కు గోవా విశ్వవిద్యాలయం అనువైనది. గోవా ప్రాచీన పత్రాగారం అక్కడికి చేరువలోనే ఉండడం అదనపు సౌకర్యం. యు.జి.సి. నెట్‌లో స్పానిష్ ఒక పరీక్షాంశం.

ఒక హెచ్చరిక అవసరం. ఒక సంవత్సరపు సర్టిఫికెట్ కోర్సు సంభాషణకు చాలవచ్చు గాని పదహారవ శతాబ్దపు వ్రాతప్రతిని చదవడానికి చాలదు. నాటి వర్ణక్రమం, సంక్షేపాక్షరాలు, లేఖకుల చేవ్రాలు వేరుగా నేర్వవలసినవి. స్నాతకోత్తర స్థాయి అధ్యయనం అందుకే అవసరం.

7. ముగింపు

శివతాండవ కర్త, బహుభాషావేత్త పుట్టపర్తి నారాయణాచార్యులు నివసించిన ప్రొద్దుటూరుకు పలుభాషల పాండిత్యం కొత్త కాదు. నేడు కొరవడినది దానికి తగిన వ్యవస్థ. తెలుగు శాఖలూ విదేశీభాషా శాఖలూ కలిసి ఉమ్మడి పర్యవేక్షణకు పూనుకోవాలి. పరిశోధనలో ఉపయోగించిన ప్రతి విదేశీ ఆధారానికీ అది మూలమా, అనువాదమా అన్నది స్పష్టంగా పేర్కొనే నియమం పాటించాలి. ఈ రెండవ పనికి నిధులు అక్కరలేదు. తదుపరి సిద్ధాంతవ్యాసంతోనే దానిని మొదలుపెట్టవచ్చు.