కణంలో తుక్కు కోసే యంత్రం

భిలాయి సెక్టర్ 7లో మా క్వార్టరుకు రెండు వీధుల అవతల ఉండే పన్నెండో తరగతి అమ్మాయి ఒక సాయంత్రం చిన్న కాగితం ముక్క పట్టుకుని వచ్చింది. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరైన వాళ్ళ తాతగారికి మల్టిపుల్ మైలోమా అనే రక్త కాన్సరు. కాగితం మీద ఆయనకిచ్చే మందు పేరు రాసి ఉంది: బోర్టెజోమిబ్. "కణంలో పాడైన ప్రోటీన్లను తీసేసే యంత్రాన్ని ఈ మందు ఆపేస్తుందట అంకుల్. ఇల్లు ఊడ్చే మనిషిని రానివ్వకపోతే ఇల్లు బాగుపడుతుందా?" అని అడిగింది.

ప్రశ్న సబబైనదే. జవాబు చెప్పాలంటే ముందు ఆ యంత్రం సంగతి తెలియాలి. దాని పేరు ప్రోటియాజోమ్.

ఉక్కు ఊళ్ళో పెరిగినవాళ్ళకు తుక్కు అంటే పారేసే చెత్త కాదని తెలుసు. కన్వర్టరులో కరిగిన ఇనుముతోపాటు తుక్కు కూడా వేస్తారు. అచ్చుకు రాని ఉక్కు ముక్క మళ్ళీ కరిగి, రేపు రైలు పట్టాగా బయటికి రావచ్చు. మీ కణాల్లోనూ అంతే. తప్పుగా మడతపడ్డవీ, పని అయిపోయినవీ అయిన ప్రోటీన్లు ముక్కలై, చివరకు అమైనో ఆమ్లాలుగా విడిపోయి కొత్త ప్రోటీన్ల తయారీకి పోతాయి. పోలిక ఇంతవరకే. కణంలో కొలిమి లేదు, ఉన్నది కత్తి. కత్తితో ఒక చిక్కు ఉంది. కణంలో ముఖ్యమైన పనిముట్లన్నీ ప్రోటీన్లే. ప్రోటీన్లను కోసే కత్తిని అందులో స్వేచ్ఛగా వదిలితే మంచివాటినీ కోసేస్తుంది. మరి కణం ఏం చేసింది?

ఈ ప్రశ్న కంటే ముందు శాస్త్రజ్ఞులను తికమక పెట్టిన విషయం మరొకటి ఉంది. మీ జీర్ణాశయంలో పెప్సిన్ అన్నంలోని పప్పును ముక్కలు చేయడానికి శక్తి ఖర్చు కాదు. ప్రోటీను విరగడమంటే రాయి కొండ దిగడం లాంటిది. అయినా కణం లోపల ప్రోటీన్లు విరగడానికి శక్తి కావాలని 1953లో కాలేయపు ముక్కల మీద చేసిన ప్రయోగాలు చూపించాయి. ఆ శక్తిని అందించే అణువు ఎ.టి.పి. దాన్ని 1929లో హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి కనుగొన్నది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. (అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా కనుగొన్నారు.) రాయి కొండ దిగడానికి ఎ.టి.పి. ఎందుకు?

జవాబులో మొదటి భాగానికి అవ్రామ్ హెర్ష్కో, ఆరన్ సీకానోవర్, ఇర్విన్ రోజ్‌లకు 2004లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. నాశనం చేయవలసిన ప్రోటీనుకు కణం ముందు చీటీ అంటిస్తుంది. ఆ చీటీ పేరు యుబిక్విటిన్. ఇది 76 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీను. సాధారణంగా నాలుగో, అంతకంటే ఎక్కువో చీటీలు గొలుసులా అంటుకుంటేనే ఆ ప్రోటీనుకు కాలం చెల్లినట్టు. చీటీ అంటించడానికి ఎ.టి.పి. ఖర్చవుతుంది. తుక్కులో పడేయాల్సిన ముక్క మీద ఇన్‌స్పెక్టరు రంగు గుర్తు వేస్తే ఎలాగో ఇదీ అలాగే.

రెండో భాగం యంత్రం కట్టుబాటులోనే ఉంది. దీన్ని ఒక పీపా అనుకోండి. నాలుగు వలయాలు ఒకదానిపై ఒకటి పేర్చి ఉంటాయి. ఒక్కో వలయంలో ఏడేసి ప్రోటీన్లు, మొత్తం 28. కత్తులు ఆరు, అన్నీ మధ్య రెండు వలయాల్లోనే, అదీ లోపలి వైపుకే తిరిగి ఉంటాయి. బయటి వలయాల ప్రోటీన్ల తోకలు నోటిని మూసి ఉంచుతాయి. నోటి దగ్గర ఒక మూత లాంటి భాగం చీటీలున్న ప్రోటీనును పట్టుకుని, చీటీలను ఊడదీసి మళ్ళీ వాడుకోవడానికి వదిలేసి, మడతలు విప్పి, దారంలా లోపలికి తోస్తుంది. మడతలు విప్పడానికి మళ్ళీ ఎ.టి.పి. కావాలి. చూశారా, శక్తి కోతకు కాదు, కోత తప్పు చోట పడకుండా ఉండడానికి!

ఇప్పుడు జన్యువు సంగతి. ఆ ఆరు కత్తులు మూడు రకాలు, ఒక్కో రకం రెండేసి. వాటిలో బీటా-5 అనే కత్తికి నమూనా మన 14వ క్రోమోజోము మీద పి.ఎస్.ఎం.బి.5 అనే జన్యువులో ఉంది. ఆ నమూనా ప్రకారం మొదట తయారయ్యే ప్రోటీనులో 263 అమైనో ఆమ్లాలుంటాయి. కానీ అది కోయలేదు. మొదటి 59 అమైనో ఆమ్లాలు కత్తికి ఒర లాంటివి. రెండు సగం పీపాలు కలిసి పూర్తి పీపా అయ్యేటప్పుడు ఆ కత్తి తన ఒరను తానే కోసుకుంటుంది. అప్పుడు 60వ స్థానంలోని థ్రియోనిన్ మొట్టమొదటిదై బయటపడుతుంది. కత్తికి పదును అదే. గది తలుపులు మూసుకున్నాకే కత్తి ఒర దాటుతుందన్నమాట. ఇంత జాగ్రత్తగా కట్టిన యంత్రాన్ని నేను వేరే చూడలేదు.

బోర్టెజోమిబ్ అణువులో ఒక బోరాన్ పరమాణువు ఉంది. అది సరిగ్గా ఆ థ్రియోనిన్‌ను పట్టుకుంటుంది. తమాషా ఏమిటంటే, ఇలాంటి మందుల కోసం మొదట వెతికింది కాన్సరు కోసం కాదు, జబ్బులో కండరాలు కరిగిపోకుండా ఆపడానికి. మైలోమాకు అమెరికాలో దీన్ని 2003లో అనుమతించారు. ఇప్పుడు హైదరాబాదు కంపెనీలు కూడా తయారుచేస్తున్నాయి.

ఇక అమ్మాయి ప్రశ్న. మైలోమా ఎముక మూలుగలోని ప్లాస్మా కణాలకు వచ్చే కాన్సరు. ప్లాస్మా కణాల పనే యాంటీబాడీలు తయారుచేయడం, అదీ సెకనుకు వేల లెక్కన. అంత ఉత్పత్తి జరిగే చోట తప్పుగా మడతపడ్డ సరుకు కూడా అంతే పోగవుతుంది. తుక్కు ఎత్తడం ఒక పూట ఆగితే చిన్న వర్క్‌షాపు ఎలాగో నెట్టుకొస్తుంది, రాత్రింబవళ్ళు నడిచే రోలింగ్ మిల్లు నిలిచిపోతుంది. మామూలు కణాలు మందు పట్టు సడలేదాకా ఓర్చుకుంటాయి. మైలోమా కణం తన తుక్కులో తానే కూరుకుపోయి చనిపోతుంది. కణం చనిపోవడానికి వేరే కారణాలూ తోడవుతాయి కానీ, ఇల్లు ఊడ్చే మనిషిని రానివ్వకపోతే ఎవరి ఇల్లు ముందు కూలుతుందన్నదే ఇక్కడ కీలకం.

కాన్సరు కణాలు ఊరుకోవు. 2008లో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు రక్త కాన్సరు కణాలకు ఈ మందు మోతాదు కొంచెం కొంచెంగా పెంచుతూ పోయారు. చివరికి మందుకు లొంగని కణాలు మిగిలాయి. వాటి పి.ఎస్.ఎం.బి.5 జన్యువులో ఒక్క అక్షరం మారింది. దాంతో మందు కూర్చునే గూట్లో ఎలనిన్ స్థానంలోకి థ్రియోనిన్ వచ్చింది. రోగుల్లో ఈ జన్యువు మార్పులు అరుదుగానే కనిపించాయి, మందుకు లొంగకపోవడానికి వాళ్ళలో ఎక్కువసార్లు ఇతర కారణాలుంటాయి.

అమ్మాయి అంతా విని, "తాతగారికి పాదాలు తిమ్మిరెక్కుతున్నాయి, అది కూడా దీనివల్లేనా?" అంది. ఈ మందుకు నరాలు దెబ్బతినడం అందరికీ తెలిసిన ఇబ్బందే, డాక్టరుకు తప్పక చెప్పమన్నాను. సూది నరానికి కాకుండా చర్మం కింద ఇస్తే తిమ్మిర్లు తక్కువని, మందు పనితనం తగ్గదని 2011లో వెలువడిన ఒక పెద్ద పరిశీలనలో తేలింది. తాతగారికి పొట్ట చర్మం కిందే ఇస్తున్నారట.