తెలుగు నిఘంటు డేటాబేస్‌లో అర్రేల వినియోగం: ప్రయోజనాలు – పరిమితులు

ప్రస్తావన:
ముద్రిత నిఘంటువును డేటాబేస్‌గా మలచేటప్పుడు ఒక మౌలికమైన ప్రశ్న ఎదురవుతుంది. ఒక ఆరోపానికి, అంటే నిఘంటువులో అర్థం చెప్పదలచిన పదానికి, పలు రూపాలూ పలు పర్యాయపదాలూ ఉన్నప్పుడు వాటిని పట్టికలో ఎక్కడ ఉంచాలి? పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ వంటి డేటాబేస్‌లలోని అర్రే సదుపాయం ఇందుకు ఒక సమాధానం. దానిని ఎక్కడ వాడవచ్చునో, ఎక్కడ వాడరాదో వివరించడమే ఈ వ్యాస ఉద్దేశం.

1. అర్రే స్వరూపం:
రిలేషనల్ డేటాబేస్‌లో సమాచారం పట్టికల రూపంలో ఉంటుంది. ఈ నమూనాను 1970లో ఎడ్గర్ ఎఫ్. కాడ్ ప్రతిపాదించారు. ఒక్కొక్క గడిలో ఒక్కొక్క విలువే ఉండాలన్న నియమాన్ని తరువాత మొదటి నార్మల్ ఫారం అన్నారు. అయితే 1999 నాటి ఎస్‌క్యూఎల్ ప్రమాణంలో అర్రేకు చోటు లభించింది. ఒకే రకానికి చెందిన పలు విలువలను వరుసక్రమంలో ఒకే గడిలో నిలిపే నిర్మాణమే అర్రే.

2. ప్రయోజనాలు:
‘గుర్రం’ అనే ఆరోపానికి గుఱ్ఱము, గుఱ్ఱం, గుర్రము అనే రూపాంతరాలున్నాయి. వీటికి వేరుగా అర్థాన్ని చూపవలసిన పని లేదు. పాఠకుడు ఏ రూపంతో వెదికినా ఆరోపం దొరికితే చాలు. ఇటువంటి సమాచారానికి అర్రే తగినది. రూపాలన్నిటినీ కామాలతో కలిపి ఒకే పాఠంగా నిల్వ చేస్తే, అందులో ‘వాన’ అనే అక్షరాల కోసం వెదికినప్పుడు ‘వానరము’ కూడా పట్టుబడుతుంది. అర్రేలో ప్రతి రూపమూ విడిగా ఉంటుంది కనుక పూర్తి పదాన్నే సరిపోల్చవచ్చు. ఈ నిలువు వరుసకు జిన్ అనే సూచికను కల్పించి, తగిన ఆపరేటర్‌తో వెదికితే, పట్టికనంతా చదవకుండానే ఫలితం వస్తుంది.

3. పరిమితులు:
పర్యాయపదాల స్థితి వేరు. అశ్వము, హయము, తురగము, హరి అనేవి స్వయంగా ఆరోపాలు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో అర్రే సభ్యులకు ఫారిన్ కీ నియమం వర్తించదు. సంపాదకులు ‘అశ్వము’ అనే ఆరోపాన్ని ‘అశ్వం’గా మార్చినా, ‘గుర్రం’ దగ్గరి అర్రేలో పాత రూపమే నిలిచిపోతుంది. డేటాబేస్ ఏ హెచ్చరికా చేయదు.

అర్థభేదం ఇంతకంటె ముఖ్యమైన సమస్య. ‘హరి’ శబ్దానికి విష్ణువు, సింహం, కోతి, గుర్రం, కప్ప మొదలైన అర్థాలున్నాయి. అది ‘గుర్రం’కు పర్యాయపదమయ్యేది ఒక్క అర్థంలోనే. ఆ అర్థం ఏదో, దానికి ఆధారమైన ప్రయోగం ఎక్కడిదో పదాల అర్రేలో చెప్పడానికి చోటు లేదు. కనుక పర్యాయపదాలకు ప్రత్యేక పట్టిక అవసరం. అందులో ఆరోపసంఖ్య, పర్యాయపదసంఖ్య, అర్థసంఖ్య, ఆకరం అనే నాలుగు నిలువు వరుసలుండాలి. సంఖ్యలను ఫారిన్ కీలుగా నిర్దేశిస్తే, లేని ఆరోపాన్ని చేర్చబోయినప్పుడు డేటాబేస్ నిరాకరిస్తుంది. వర్ణక్రమాన్ని ఒకచోట సవరిస్తే అంతటా సవరణ కనిపిస్తుంది.

ముగింపు:
గడిలోని సభ్యునికి తనదైన వివరం ఉన్నదా? అది మరొక ఆరోపాన్ని సూచిస్తున్నదా? ఈ రెండింటికీ ‘లేదు’ అన్నదే సమాధానమైతే అర్రే చాలు. ఏ ఒక్కదానికి ‘ఔను’ అనవలసివచ్చినా వేరు పట్టిక తప్పదు. ఈ నిర్ణయాన్ని నిఘంటు నిర్మాణారంభంలోనే తీసుకోవాలి. అన్‌నెస్ట్ అనే ఫంక్షన్ అర్రేను ఎప్పుడైనా అడ్డు వరుసలుగా విడదీయగలదు. కాని మొదట నమోదు చేయని అర్థాన్నీ ఆకరాన్నీ అది సమకూర్చలేదు. వాటికోసం ప్రతి ఆరోపాన్నీ పండితులు మళ్లీ పరిశీలించవలసిందే.