దూరప్రయాణం – బండి నడిపేవారి నిద్ర



దూరప్రయాణం అనగానే సగం పని మన ఆడవాళ్ల మీదే పడుతుంది. చిత్రాన్నం కలపడం, పెరుగన్నం కట్టడం, మంచినీళ్లు నింపడం, పిల్లల బట్టలు, పెద్దవాళ్ల మందులు, వాంతులు చేసుకునే పిల్లకు నిమ్మకాయ – ఇన్నీ గుర్తు పెట్టుకుని సర్దుతాం. ఇంటికి తాళం వేసి రెండుసార్లు లాగి చూస్తాం. కానీ ఒక్క మాట అడగడం మాత్రం మరిచిపోతాం. బండి నడిపే మనిషి నిన్న రాత్రి నిద్రపోయాడా? ఈవేళ నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క ప్రశ్న గురించే.

మన అంగళ్లు వాళ్లకు రోడ్డు కొత్త కాదు. మదనపల్లె నుంచి కదిరి, అనంతపురం వైపు పోయే జాతీయ రహదారి మీదే ఉంది ఊరు. టమోటా లారీలు, కాలేజీ బస్సులు, యాత్రలకు పోయే టెంపోలు – అన్నీ మన కళ్లముందే పోతుంటాయి. అటు పుంగనూరు, కుప్పం మీదుగా కృష్ణగిరి దాకా పోయేదీ ఈ రోడ్డే. రోజూ చూసేదే కాబట్టి భయం లేదు. భయం లేకపోవడం మంచిదే, జాగ్రత్త లేకపోవడమే మంచిది కాదు.

2021 ఫిబ్రవరి 14వ తేదీ మదనపల్లె వాళ్లకు గుర్తుండే ఉంటుంది. మదనపల్లె నుంచి పద్ధెనిమిదిమంది ఒక టెంపోలో అజ్మీరు దర్గా యాత్రకు బయలుదేరారు. తెల్లవారుజామున నాలుగు గంటల ప్రాంతంలో, కర్నూలు జిల్లా వెల్దుర్తి మండలం మాదార్‌పూర్ దగ్గర, ఆ బండి డివైడరు దాటి అవతలివైపు వస్తున్న లారీని గుద్దుకుంది. పద్నాలుగుమంది అక్కడికక్కడే పోయారు. వారిలో ఎక్కువమంది ఆడవాళ్లు. బతికి బయటపడింది నలుగురు పిల్లలు. డ్రైవరుకు నిద్ర వచ్చి ఉండవచ్చని కొందరు, టైరు పేలి ఉండవచ్చని కొందరు అప్పట్లో అనుకున్నారు. పోయినవారి మీద తప్పు మోపడానికి నేనీ సంగతి చెప్పడం లేదు. ఆ వేళను గమనించమని చెబుతున్నాను.

రాత్రి రెండు గంటల నుంచి ఐదు గంటల వరకు మన శరీరం నిద్ర కోరుతుంది. ఎంత అలవాటున్న డ్రైవరుకైనా ఇది తప్పదు. మధ్యాహ్నం భోజనం తరువాత, రెండు నుంచి నాలుగు వరకు మళ్లీ అలాంటి మగతే వస్తుంది. నిద్ర అంటే తల వాల్చి గురక పెట్టడం ఒక్కటే అనుకోకండి. కళ్లు తెరుచుకుని ఉండగానే మనసు మూడు నాలుగు సెకన్లపాటు ఆగిపోవచ్చు. నిద్రపోయానన్న సంగతి ఆ మనిషికే తెలియదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో 22 మీటర్లు పోతుంది. నాలుగు సెకన్లంటే దాదాపు 90 మీటర్లు బండిని నడిపేవారే లేరన్నమాట!

ఆవలింతలు ఆగకుండా రావడం, కళ్లు నులుముకోవడం, బండి కొంచెం కొంచెంగా పక్కకు జరగడం, ఇప్పుడే దాటిన ఊరేదో చెప్పలేకపోవడం – ఇవన్నీ నిద్ర గుర్తులు. అద్దాలు దించితే పోతుందనీ, పాటలు గట్టిగా పెడితే పోతుందనీ అంటారు. పోదు. కాసేపు మరుగున పడుతుందంతే. నిద్రకు మందు నిద్రే. బండిని రోడ్డు మీద కాకుండా పెట్రోలు బంకులోనో, వెలుతురున్న అంగళ్ల దగ్గరో ఆపాలి. డ్రైవరు ఒక కాఫీ తాగి వెంటనే పావుగంట, ఇరవై నిమిషాలు కళ్లు మూసుకోవాలి. కాఫీ పనిచేయడానికి అరగంట దాకా పడుతుంది కనుక, లేచేసరికి రెండూ కలిసి వస్తాయి. ఇది కూడా కాస్త దూరానికే. రాత్రంతా మేలుకున్న మనిషికి ఇరవై నిమిషాల కునుకు చాలదు.

"ఏమమ్మా, డ్రైవరును పట్టుకుని అలా అడిగితే బాగుంటుందా? మగవాళ్లు చూసుకుంటారు కదా" అంటారేమో. అధికారం చేసినట్టు అడిగితే ఎవరికైనా కష్టమే. "నాయనా, రాత్రి బాగా నిద్రపోయినావా? అన్నం తిన్నావా?" అని ఇంటి మనిషిని అడిగినట్టు అడగండి. దాచకుండా చెబుతాడు. అతను మాత్రం ఏం చేస్తాడు? నిన్న తిరుపతి పోయివచ్చిన వాడిని ఈ పొద్దు బెంగుళూరికి పొమ్మంటే, కాదంటే కిరాయి పోతుందని బండెక్కుతాడు. అందుకే బండి మాట్లాడేటప్పుడే యజమానిని అడగండి: "ఈ డ్రైవరు నిన్న ఎక్కడికి పోయివచ్చాడు? ఇంత దూరానికి రెండో డ్రైవరును ఇస్తారా?" ఆ రెండో మనిషికయ్యే డబ్బును ఖర్చుగా లెక్కపెట్టకండి.

జీతానికి బండి నడిపే కార్మికులకు రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించి పని ఉండరాదని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం చెప్పింది. కొన్ని సందర్భాలకు సడలింపులున్నా, ఆ చట్టంలో అసలు లెక్క అదీ. ఐదు గంటలు నడిపితే కనీసం అరగంట విశ్రాంతి కూడా ఇవ్వాలని అందులో ఉండేది. సొంత కారు నడిపే మన ఇంటాయనకు ఏ చట్టమూ గంటలు లెక్కపెట్టదు. ఆ లెక్క మనమే పెట్టాలి. రెండు గంటలకొకసారి దిగి నాలుగడుగులు వేస్తే అందరికీ మంచిది.

ఇంకో సంగతి. సత్రంలో మనం చాపలు పరుచుకుని పడుకుంటాం. డ్రైవరు మాత్రం బండిలోనే, ఉక్కలో, దోమల్లో ముడుచుకుని పడుకుంటాడు. మరునాడు మన పిల్లల ప్రాణాలు అతని చేతుల్లోనే ఉంటాయి. అతనికీ ఒక మంచం ఇప్పించండి. మన సద్దిలో పాలు పెట్టండి, కానీ నడిపే ముందు కడుపు నిండా పెట్టకండి. వాంతులు రాకుండా పిల్లలకిచ్చే మాత్రలూ, కొన్ని జలుబు మాత్రలూ నిద్ర తెప్పిస్తాయి. తలనొప్పి అన్నాడని అవి అతనికి ఇవ్వకండి.

వీలైతే రాత్రి ప్రయాణమే మానండి. తెల్లవారి ఐదున్నరకు బయలుదేరితే ముహూర్తానికి అందుకోలేమనుకుంటే, ముందురోజు మధ్యాహ్నమే బయలుదేరి రాత్రికి ఎక్కడో పడుకోండి. తిరుపతి పోయే భాకరాపేట ఘాట్‌లో 2022 మార్చి 26 రాత్రి, ధర్మవరం నుంచి నిశ్చితార్థానికి వస్తున్న బస్సు లోయలో పడి ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఘాట్ దిగేటప్పుడు వేగం తగ్గించి చిన్న గేరులో దిగాలి. తెలియని మలుపుల్లో చీకటి పగవాడి వంటిది. ఇంటి ముందే టైర్లు చూడండి. గాలి తక్కువైన టైరు నలిగి నలిగి వేడెక్కి పేలుతుంది. బండి నిండా మనుషులు, నెత్తిన సామాన్లు ఉంటే ఆ ముప్పు ఇంకా ఎక్కువ.

వెనుక సీట్లో కూర్చున్నవాళ్లు కూడా బెల్టు పెట్టుకోవాలి. ఒళ్లో ఉన్న బిడ్డను గట్టిగా పట్టుకుంటాం కదా అనుకుంటాం. గుద్దుకున్న క్షణంలో ఏ తల్లి చేతులూ ఆపలేవు. చంటిబిడ్డతో ముందు సీట్లో అసలే కూర్చోకండి.

ఇక, దారిలో ఎవరికైనా ప్రమాదం జరిగితే 112కు గానీ 108కు గానీ ఫోను చేయండి. జాతీయ రహదారి మీదైతే 1033 కూడా ఉంది. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకండి. సాయం చేస్తే కేసులో ఇరుక్కుంటామన్న భయం వద్దు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం మంచిమనసుతో సాయపడినవారికి రక్షణ ఇస్తోంది. పేరు చెప్పమని కూడా బలవంతం చేయరాదు. గాయపడినవారికి ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు లేకుండా వైద్యం అందించే పథకాన్ని కేంద్రప్రభుత్వం 2025 మేలో ప్రకటించింది. ఈ సంగతి తెలిసి ఉంటే ఆసుపత్రి గుమ్మంలో డబ్బు కోసం కాలం పోదు.

ఈసారి యాత్రకో, పెళ్లికో బయలుదేరేటప్పుడు మూటలు లెక్కపెట్టినట్టే, బండి నడిపేవారి నిద్ర గంటలు కూడా లెక్కపెట్టండి. ఆరు గంటలకు తక్కువైతే, "ఇంకాసేపు పడుకో నాయనా, ఎండెక్కినాక పోదాం" అనండి. ఆ మాట అనే హక్కు మనకుంది. ఆలస్యంగా వెళితే చుట్టాలు ఒక మాట అంటారు, అంతే కదా!