నడిరోడ్డు మీద నవ్వుల చిత్రం తీయడం ఎలా?

హాస్టల్ వార్షికోత్సవం అనగానే నాటిక, ఏకపాత్రాభినయం, పాటలు, డాన్సులు ఎప్పుడూ ఉండేవే. వాటికి తోడు మనమే తీసిన ఒక చిన్న హాస్య చిత్రం తెర మీద వేసుకుంటే ఎంత బాగుంటుంది! ఇప్పుడు ప్రతి గదిలో ఫోను ఉంది, ప్రతి ఫోనులో కెమెరా ఉంది. కథకు కూడా కొదవ లేదు. ఊరి నుంచి కోచింగ్ కోసం వచ్చిన కుర్రాడు మైత్రీవనం దగ్గర బస్సు దిగుతాడు. పది అడుగులు వేసేలోపు చేతి నిండా కోచింగ్ సెంటర్ల పాంప్లెట్లు పడతాయి. తాను వెతుకుతున్న హాస్టల్‌కి దారి చెప్పేవాడు మాత్రం ఒక్కడూ దొరకడు. ఇది మనలో చాలామంది కథే. దీనికి సెట్టింగులు అక్కర్లేదు. ఎస్.ఆర్. నగర్ వీధులే మన సెట్టింగు. అయితే వీధి మనది ఒక్కరిదే కాదు, అందరిదీ. అందుకే బయట షూటింగ్ చేయాలంటే కొన్ని విషయాలు ముందే తెలుసుకోవాలి.

సినిమా మన పేటకు కొత్తేమీ కాదు. మన పక్కనే అమీర్‌పేటలో సారథి స్టూడియో ఉంది. పూర్తిగా హైదరాబాద్‌లో తయారైన తొలి తెలుగు చిత్రంగా పేరుపొందిన ‘మా ఇంటి మహాలక్ష్మి’ (1959) అక్కడే రూపుదిద్దుకుంది. స్టూడియో దాటి నగరంలోకి వెళ్లి, తక్కువ డబ్బుతో నవ్వించినవారూ ఉన్నారు. నగేశ్ కుకునూర్ అమెరికాలో ఇంజనీరుగా సంపాదించిన సొమ్ముతో, 17 రోజుల్లో, దాదాపు 17 లక్షల రూపాయలతో ‘హైదరాబాద్ బ్లూస్’ (1998) తీశారు. తర్వాత వచ్చిన ‘ది అంగ్రేజ్’ పాతబస్తీ కుర్రాళ్ల కబుర్లనే కథగా చేసుకుంది. చార్మినార్ దగ్గర కూర్చుని వాళ్లు మాట్లాడే హైదరాబాదీ యాస విని జనం పడి పడి నవ్వారు. పెద్ద తారలు లేకపోయినా, స్థలం నిజమైనదీ మాట నిజమైనదీ అయితే హాస్యం పండుతుందని ఈ రెండూ రుజువు చేశాయి.

బయట షూటింగ్‌లో మొదటి చిక్కు జనం కెమెరా వైపు చూడటం. ఈ చిక్కు సినిమా అంత పాతది. 1914లో చార్లీ చాప్లిన్ నటించిన ‘కిడ్ ఆటో రేసెస్ ఎట్ వెనిస్’ అనే చిన్న చిత్రాన్ని అమెరికాలో నిజంగా జరుగుతున్న పిల్లల కార్ల పందెం మధ్య తీశారు. కెమెరామన్ పందెం తీస్తుంటే టోపీవాడొకడు మాటిమాటికీ కెమెరాకు అడ్డం వస్తుంటాడు. కథంతా అంతే. చుట్టూ ఉన్న ప్రేక్షకులు అసలైన జనమే. వాళ్లు కెమెరాను చూసినా ఇబ్బంది లేదు, ఎందుకంటే కథే కెమెరా గురించి. అంటే తప్పించుకోలేని ఇబ్బందిని కథలో భాగం చేసుకోవాలన్నమాట. మన కథలో కూడా అంతే. దారి తెలియని కుర్రాణ్ణి నలుగురూ వింతగా చూస్తే అది సన్నివేశానికి బలమే.

రెండోది అనుమతి. నలుగురు నిలబడి ఫోనులో తీసుకుంటే పెద్దగా ఎవరూ పట్టించుకోరు. స్టాండు పెట్టి, లైట్లు పెట్టి, పదిహేనుమంది గుమికూడితే మాత్రం దారి ఆగుతుంది. రహదారికి అడ్డం కలిగిస్తే భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్ కింద 5,000 రూపాయల వరకు జరిమానా వేయవచ్చు. మనలో చాలామంది కానిస్టేబుల్, ఎస్సై, గ్రూప్స్ ఉద్యోగాలకు చదువుతున్నవాళ్లం. ఉద్యోగం వచ్చాక నింపే అటెస్టేషన్ ఫారంలో కేసుల సంగతి అడుగుతారు. నాలుగు నవ్వుల కోసం ఆ గడిలో రాయాల్సింది కొనితెచ్చుకోవద్దు. కాబట్టి వార్డెన్ గారి సంతకంతో ఒక ఉత్తరం రాసి, తేదీ, సమయం, స్థలం, ఎంతమందో తెలిపి, పోలీస్ స్టేషన్‌లో ముందే ఇవ్వాలి. మెట్రో స్టేషన్ లోపల తీయాలంటే మెట్రో వారి అనుమతి వేరుగా కావాలి. దొంగతనం, కిడ్నాప్, కొట్లాట వంటి సీన్లు రోడ్డు మీద వద్దే వద్దు. దారిన పోయేవారికి అది నటన అని తెలియదు.

మూడోది వెలుతురు, సమయం. మధ్యాహ్నం ఎండలో ముఖం మీద కళ్ల కింద నల్లటి నీడలు పడతాయి. పొద్దున తొమ్మిదిలోపు, సాయంత్రం నాలుగు తర్వాత ఎండ ఏటవాలుగా పడి ముఖాలు బాగా కనిపిస్తాయి. ఆదివారం పొద్దున్నే అయితే రద్దీ కూడా తక్కువ. రిహార్సల్స్ అన్నీ హాస్టల్ మేడ మీదే పూర్తిచేసుకోవాలి. రోడ్డు మీద డైలాగులు గుర్తుచేసుకుంటూ నిలబడితే జనం పోగవుతారు, వెలుతురూ పోతుంది.

నాలుగోది శబ్దం. హాస్యానికి మాట ప్రాణం. ఆ మాట హారన్‌లో మునిగిపోతే నవ్వు రాదు. నటుడి చొక్కా జేబులో ఇంకో ఫోను పెట్టి దానిలో గొంతు రికార్డు చేసి, తర్వాత బొమ్మకు కలుపుకోవచ్చు. రెండూ సరిగ్గా కలవడానికి ప్రతి షాట్ మొదట్లో ఒక చప్పట్లు కొట్టాలి. ‘పెళ్ళిచూపులు’ (2016) చిత్రంలో షూటింగ్ చోట రికార్డు చేసిన గొంతులనే వాడారు. అందుకే ఆ మాటలు అంత సహజంగా వినిపిస్తాయి. అది కుదరకపోతే సన్నివేశాన్ని మాటలు లేకుండా సైగలతోనే నడిపించండి. చాప్లిన్ చేసింది అదే కదా!

ఐదోది షాట్ల వరుస. ముందు దూరం నుంచి మొత్తం సన్నివేశం తీసి, తర్వాత దగ్గరి షాట్లు తీయాలి. వెనక నిలబడ్డ బస్సు వెళ్లిపోయినా దగ్గరి షాట్‌లో ఆ తేడా తెలియదు. హాస్యానికి దూరపు షాట్ మరీ ముఖ్యం. జారిపడటం ఒక్కటే కాదు, పక్కవాడు చూసి తల తిప్పుకోవడం కూడా ఒకే ఫ్రేములో కనబడాలి. నవ్వు సగం అక్కడే ఉంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది చివరి మాట. మనం ఎవరిని చూసి నవ్వుతున్నాం? పల్లెటూరి యాసను, నల్లని రంగును, చినిగిన చొక్కాను, ప్రభుత్వ హాస్టల్ భోజనాన్ని వెక్కిరించిన సినిమాలు మనం చాలా చూశాం. అటువంటి సీను వచ్చినప్పుడు హాల్లో అందరూ నవ్వుతుంటే మనలో కొందరం తల దించుకున్నాం. ఆ బాధ తెలిసిన మనమే టీకొట్టు పెద్దాయన్నో, ఎర్రగడ్డ రైతుబజార్‌లో కూరలమ్మే అమ్మనో చెప్పకుండా తీసి నవ్వులపాలు చేస్తే ఇక తేడా ఏముంది? ముఖం స్పష్టంగా కనబడే ప్రతివారినీ ముందు అడగాలి. “వద్దు బిడ్డా” అంటే కెమెరా దించాలి. ఆడపిల్లలను దాక్కుని తీయడం హాస్యం కాదు, నేరబుద్ధి. మన కథలో నవ్వాల్సింది దారి తెలియని కుర్రాణ్ణి చూసి కాదు. వాడి చేతిలో ఇరవై పాంప్లెట్లు పెట్టి ఒక్క దారి చెప్పలేని నగరాన్ని చూసి.

ఈ మాటలు గుర్తుంచుకుంటే ఖర్చు టీలకూ బస్సు చార్జీలకూ మించదు. ఇప్పటిదాకా మన కథలను వేరేవాళ్లు చెప్పారు, వాళ్లకు తోచినట్టు చెప్పారు. ఇక మన యాసలో మనమే చెప్పుకుందాం. పూర్వ విద్యార్థులైన అన్నలు ఒక స్టాండో, ఒక మైకో ఇప్పించి, ముందు వరుసలో కూర్చుని మాతో పాటు నవ్వాలని కోరుకుంటున్నాం.