సుబాబుల్ మేత: మూడో వంతు దాటరాదు

దాణా ధర పెరిగిన కొద్దీ పాల డబ్బులో రైతుకు మిగిలేది తగ్గిపోతుంది. సంఘాల తనిఖీకి వెళ్ళిన చోటల్లా సభ్యులు చెప్పే మాట ఇదే. ఈ భారం కొంత తగ్గించుకోవడానికి పొలం గట్టున నాలుగు వరుసల సుబాబుల్ మంచి ఆధారం. అయితే మేపే పద్ధతి తెలియకపోతే లాభం మాట అటుంచి పశువుకే ముప్పు.

సుబాబుల్ కంది, అవిసెల కుటుంబానికి చెందిన చిన్న చెట్టు. దీని పుట్టిల్లు మెక్సికో. ఉమ్మడి కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాలలో దీనిని కాగితపు మిల్లుల కర్ర కోసం పెంచుతారు. పాడి రైతుకు కావలసింది ఆకు. తేమ తీసివేసి లెక్కిస్తే ఆకులో నూటికి 20 నుండి 25 పాళ్ళు మాంసకృత్తులుంటాయి. వరిగడ్డిలో నాలుగైదు పాళ్ళే.

పెంపకం: గింజ పైపొర గట్టిది. 80 డిగ్రీల వేడి నీటిలో 3, 4 నిమిషాలు ఉంచి తీసి, చన్నీటిలో రాత్రంతా నానబెట్టి, తొలకరిలో నాటాలి. నీరు నిలిచే నేల పనికిరాదు. మొదటి నెలల్లో మొక్క నిదానంగా పెరుగుతుంది కనుక కలుపు తీయాలి, మేకలు తాకకుండా చూడాలి. సుమారు ఆరు నెలలకు నడుము ఎత్తున మొదటి కోత కోయాలి. తరువాత 40, 50 రోజులకొక కోత వస్తుంది. కాయ ముదరనివ్వరాదు, గింజ రాలితే చుట్టుపక్కల పొలాలకు కలుపై కూర్చుంటుంది.

మేపు: ఆకులో మైమోసిన్ అనే విషపదార్థం ఉంది. లేత చిగుళ్ళలో ఇది మరీ ఎక్కువ. మితం మించి ఎక్కువ కాలం మేపితే తోక వెంట్రుకలు రాలడం, చొంగ కారడం, మేత తగ్గడం, గొంతు దగ్గర వాపు కనిపిస్తాయి. అందుచేత మొత్తం పచ్చిమేతలో సుబాబుల్ మూడో వంతుకు మించరాదు. రోజుకు 30 కిలోల పచ్చిమేత తినే గేదెకు 10 కిలోలే గరిష్ఠ పరిమితి. అదీ మొదటి రోజునే కాదు. కొద్దిగా మొదలుపెట్టి రెండు మూడు వారాలలో పెంచాలి. జొన్న చొప్పతోనో గడ్డితోనో కలిపి నరికి వేయాలి. చూలు పశువుకు ఇంకా తగ్గించాలి. గుర్రాలకు, పందులకు, కుందేళ్ళకు పెట్టరాదు. నెమరువేయని జంతువులు ఈ విషాన్ని తట్టుకోలేవు.

పాలు పిండే ముందు మేపితే పాలకు వాసన పట్టవచ్చు. కేంద్రంలో పాలు తిరగగొడితే నష్టం సభ్యునిదే. కనుక పిండిన తరువాతనే వేయాలి.

పైన చెప్పిన లక్షణాలలో ఏది కనిపించినా సుబాబుల్ వెంటనే ఆపి పశువైద్యునికి చూపించాలి. మొదటి వారం మోపును కాటాలో తూచి చూడండి. ఎంత మోపు ఎన్ని కిలోలో తెలిశాక రోజూ తూచే పని ఉండదు.